ఒంటరి విస్తరి

"ఎంతమందండీ?"

హోటలు గుమ్మంలో అడుగు పెట్టగానే వినబడే ఈ ప్రశ్నకు జవాబు చెబుతూనే నా జీవితంలో ముప్ఫయి రెండేళ్ళు గడిచిపోయాయి. "ఒక్కణ్ణే" అంటాను. అనగానే ఆ మనిషి ముఖం ఓ రవంత వాడుతుంది. నలుగురు కూర్చునే బల్ల ఒక్క శాల్తీకి ధారపోయవలసి వచ్చిందే అన్న విచారం అది. తరవాత అతని చెయ్యి నెమ్మదిగా ఒక మూలకు చూపిస్తుంది. ఆ మూల చేతులు కడుక్కునే తొట్టి పక్కనయినా వుంటుంది, వంటింటి తలుపు వెనకనయినా వుంటుంది. ఒకచోట, ఊరి పేరు చెప్పను గాని, ఎంగిలి విస్తళ్ళు వేసే గంగాళానికి ఆనుకుని వున్న కుర్చీ చూపించారు. కూర్చున్నాను. ఆకలి అటువంటిది.

1984లో వ్యవసాయపు పంపుసెట్లు అమ్మే కంపెనీలో చేరాను. 2016లో బయటపడ్డాను. మధ్యలో నెలకు పద్ధెనిమిది రోజుల చొప్పున ఊళ్ళమ్మట తిరుగుడు. నంద్యాల, ఆదోని, నిజామాబాదు, ఖమ్మం, బళ్ళారి, రాయచూరు. ఏడాదికి రెండు మూడుసార్లు మద్రాసు, బెంగుళూరు, ఢిల్లీ. మా ఆవిడ లెక్క ప్రకారం నేను ఇంట్లో తిన్న భోజనాలకంటె బయట తిన్నవే ఎక్కువ. ఈ లెక్క ఆవిడ సంతోషంగా చెప్పదు.

కాబట్టి పరాయి ఊళ్ళో ఒంటరిగా దిగినవాడు ఎక్కడ తినాలి, ఎలా తినాలి అన్న విషయంలో నన్ను మించిన పండితుడు ఈ చుట్టుపక్కల లేడని అనుకునేవాణ్ణి. 'అనుకునేవాణ్ణి' అన్న మాట కాస్త గుర్తుంచుకోండి. ఆ పాండిత్యం కాస్తా ఒక ఏప్రిల్ నెల రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చిన ఫోనుతో ఎగిరిపోయింది. ముందు పాండిత్యం సంగతి చూద్దాం. ఎగిరిపోవడం సంగతి తరవాత.

డబ్బిచ్చి అన్నం తినడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. క్రీడాభిరామంలో మంచనశర్మా, టిట్టిభసెట్టీ ఓరుగల్లు వీధులన్నీ తిరిగి తిరిగి, ఆకలి వేసి, పూటకూటింట్లో భోజనం చేస్తారు. ఒక్క రూకకు ఎన్ని పెట్టేవారో ఆ కావ్యంలో వరసగా వుంది: గోధుమపిండి వంటకం, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు రకాల నంజుళ్ళు, గడ్డపెరుగు. చదువుతూ వుంటే ఎన్నోసార్లు లాడ్జి గదిలో నాకు నోరూరింది. కాని ఆ మహానుభావులు ఇద్దరు. ఇద్దరు వుంటే ఎక్కడయినా గౌరవమే. ఇక 1897లో అచ్చయిన కన్యాశుల్కంలోని గిరీశం మాత్రం పూటకూళ్ళమ్మ ఇంట ఒంటరిగానే చేరాడు. ఆమె పెట్టిన అన్నమూ తిన్నాడు, ఆమె డబ్బూ తిన్నాడు. చీపురుకట్టకు భయపడి మంచం కిందా దూరాడు. ఒంటరివాళ్ళంటే హోటళ్ళవాళ్ళకు అనుమానం అప్పటినుంచే పట్టుకుని వుంటుంది.

అసలు మన భోజనం పద్ధతి ఒంటరివాడి కోసమే పుట్టిందని నా నమ్మకం. మీరే చూడండి. నాగపూరో రాయపూరో దాటి ఉత్తరాదికి పోయామా, కాగితాల పుస్తకం ఒకటి చేతికిస్తారు. అందులో పప్పు ఒక పళ్ళెం, కూర ఒక పళ్ళెం. ఏది తెప్పించినా ఇద్దరికి సరిపడా వస్తుంది. ఒక్కడే వెడితే పప్పు తెప్పించుకుని, ఆ ఒక్క పప్పుతోనే ఆరు రొట్టెలూ తినాలి. కూర కూడా కావాలంటే సగం పారేయాలి. 'హాఫ్' వుందా అని అడగవచ్చునని నాకు రెండేళ్ళకు గాని తెలియలేదు. తెలిసిన తరవాత హిందీలో నేను తప్పు లేకుండా పలికే మాట అదొక్కటే అయింది. హైదరాబాదు బిరియానీ సంగతీ అంతే. 'సింగిల్' అని పేరుగాని, అది ఒక సింగిల్ మనిషి లేచి నడిచివెళ్ళగలిగే కొలత కాదు.

మన మెస్సులో ఆ బాధ లేదు. ఏం కావాలి అని అడిగే ప్రసక్తే వుండదు. విస్తరి వేస్తారు, నీళ్ళు చల్లుకుంటాం. పప్పు, వేపుడు, పులుసుకూర, పచ్చడి, పొడి, నెయ్యి, చారు, పెరుగు, ఒకదాని వెనక ఒకటి వాటంతట అవే నడిచి వస్తాయి. ఒక్కడు తిన్నా పదిమంది తిన్నా పది రుచులూ అవే. ఇంకా కొంచెం వెయ్యమంటే వేస్తారు. అడక్కుండా కూడా వేస్తారు. ఫుల్ మీల్సు అన్న మాటకు అర్థం అది. పార్సిలు కట్టించుకుంటే ఇద్దరు తినవచ్చు గాని, ఒంటరివాడు పార్సిలు ఏం చేసుకుంటాడు?

ఇక మంచి మెస్సును పట్టుకోవడం ఎలా? లాడ్జి గుమాస్తాను అడగకూడదు. అతను కింద అంతస్తులో వున్నదే చెబుతాడు. "ఇక్కడ మంచి హోటలేది?" అని ఎవర్నీ అడగకూడదు. మంచి అనేసరికి మనిషి మన చొక్కా వంక చూసి, ఏసీ వున్నది చెబుతాడు. "మీరు ఇవాళ మధ్యాహ్నం ఎక్కడ తిన్నారు?" అని అడగాలి. ఈ ప్రశ్నకు అబద్ధం చెప్పిన మనిషి నాకింతవరకూ తగలలేదు. మందుల కంపెనీ ప్రతినిధులు, బ్యాంకులో ఆ ఊరికి బదిలీ అయి కుటుంబం ఇంకా తెచ్చుకోనివాళ్ళు, రిజిస్ట్రారు కచేరీ ముందు కూర్చునే దస్తావేజు లేఖరులు, వీళ్ళ మాట వేదవాక్కు.

వేళ కూడా ముఖ్యం. పన్నెండుంబావుకి వెళ్ళాలి. పచ్చడి అప్పుడే రోట్లోంచి తీసినట్టు వుంటుంది. ఒంటిగంటకు వెళ్ళామా, మనం చారు పోసుకుంటూ వుండగానే వీపు వెనక ఒక మనిషి వచ్చి కుర్చీ పట్టుకుని నిలబడతాడు. అతను ఏమీ అనడు. ఊపిరి మాత్రం మన మెడకు తగులుతూ వుంటుంది. పెరుగన్నం అంత తొందరగా తినేవాడు ప్రపంచంలో వుండడు. రెండున్నరకు వెళితే రద్దీ వుండదు నిజమే, కాని పప్పులో నీళ్ళు చేరి వుంటాయి.

కూర్చునే చోటు గురించి ఒక మాట. ఎండాకాలమని ఫాను కింద కూర్చుంటారు కొందరు. విస్తరి ఎగిరిపోతుంది. ఒక చేత్తో ఆకు పట్టుకుని రెండో చేత్తో తినాలి. ఇద్దరుంటే నీళ్ళ గ్లాసులు అటొకటి ఇటొకటి పెట్టుకోవచ్చు. ఒక్కడికి ఒకటే గ్లాసు ఇస్తారు. పైగా మధ్యలో లేవకూడదు. చెయ్యి కడుక్కోవడానికో, ఫోను వచ్చిందనో లేస్తే, తిరిగి వచ్చేసరికి ఆకు తీసేసి, బల్ల తుడిచేసి, అక్కడ ఇంకో ఆసామి పప్పు కలుపుకుంటూ వుంటాడు. నాకు ఖమ్మంలో అయింది. "మీరు తినేశారనుకున్నానండీ" అన్నాడు సర్వరు. ఒక్కడే వున్నవాడికి "ఆయన వస్తారు" అని చెప్పే దిక్కు వుండదు. అప్పటినుంచి లేవవలసి వస్తే కండువా కుర్చీ మీద పరిచి వెళ్ళేవాణ్ణి. సంచి రెండు కాళ్ళ మధ్య, వారపత్రిక ఎడమ చేతిలో. సీరియలు మంచి పట్టులో వుంటే ఏం తిన్నానో కూడా తెలిసేది కాదు. కొన్ని హోటళ్ళలో అదే మేలు.

అన్నిటికంటె నేను గొప్పగా చెప్పుకునేది ఎదుటి కుర్చీ. మెస్సులో ఎదర ఖాళీ వుంటే ఎవరో వచ్చి కూర్చుంటారు. అడగరు. "ఏ ఊరండీ? ఏం పని మీద? ఎక్కడ దిగారు?" ఈ మూడు ప్రశ్నలూ పప్పు అయ్యేలోగా పూర్తి అవుతాయి. చారు దగ్గరకు వచ్చేసరికి చుట్టరికం కూడా బయటపడుతుంది. నంద్యాలలో ఒకాయన ఇలాగే ఎదర కూర్చుని, వాళ్ళ పక్క ఊళ్ళో కొత్తగా బోర్లు వేస్తున్నారని మాటల్లో అన్నాడు. ఆ వారం అక్కడ పదకొండు పంపుసెట్లు అమ్మాను. ఒంటరిగా తినడమంటే ఒంటరిగా వుండటం కాదని మా కుర్రకారుకు ఎన్నిసార్లు బోధించానో లెక్కలేదు.

ఈ మూడు ప్రశ్నలూ కూడా గుర్తుంచుకోండి.

ఊళ్ళ మాట కొస్తే, హైదరాబాదు ఇరానీ హోటలు ఒంటరివాడికి స్వర్గం. ఇరాన్ నుంచి వచ్చిన కుటుంబాలు పెట్టినవి అవి. ఇప్పుడు చాలా మూతపడ్డాయి. మిగిలినవాటిలో ఇప్పటికీ ఒక టీ, ఏడో నిజాము పేరు పెట్టుకున్న ఆ ఉస్మానియా బిస్కట్లు రెండు తెప్పించుకుని, పాలరాయి బల్ల ముందు ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లెమ్మనరు. సికింద్రాబాదు స్టేషను ఎదర రైలు కోసం అలా గంటలు గడిపాను. విజయవాడ గాంధీనగరం బాబాయి హోటల్లో ఇడ్లీ మీద వెన్న వేసిస్తారు. అది తింటున్నప్పుడు పక్కన ఎవరూ లేకపోవడమే మంచిది. పంచుకోవలసిన వస్తువు కాదు. మద్రాసు ట్రిప్లికేనులో రత్నా కేఫ్ 1948 నుంచీ వుంది. అక్కడ ఇడ్లీ మీద సాంబారు పొయ్యడం కాదు, సాంబారులో ఇడ్లీ మునగడమే. పోసేవాడు మళ్ళీ మళ్ళీ వచ్చి పోస్తాడు. ఒంటరివాణ్ణి పరామర్శించినట్టు వుంటుంది.

బెంగుళూరులో గాంధీబజారు విద్యార్థి భవన్ 1943 నాటిది. దోసెల పళ్ళాలు ఒకదాని మీద ఒకటి చేతి మీద గోపురంలా పేర్చుకుని సర్వరు వస్తూంటే చూడటానికే వెళ్ళవచ్చు. ఎవరి బల్ల దగ్గర ఖాళీ వుంటే అక్కడ కూర్చోబెడతారు. ఇక 1924 నాటి ఎం.టి.ఆర్. అక్కడ రవ్వ ఇడ్లీ రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం కరువొచ్చినప్పుడు పుట్టిందని చెబుతారు. కరువులో పుట్టినవాటికి రుచి ఎక్కువ కాబోలు. బెంగుళూరు వాళ్ళకు 'బై టూ' కాఫీ అని ఒకటుంది. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసి ఇస్తారు. ఒంటరివాడు ఎంత డబ్బున్నా తెప్పించుకోలేని పదార్థం ఈ లోకంలో అదొక్కటే.

ఢిల్లీలో అశోకా రోడ్డు ఆంధ్రా భవన్ క్యాంటీను సంగతి తెలియని తెలుగువాడు వుండడు. మొదటిసారి వెళ్ళింది జనవరి నెలలో. నాలుగు రోజులుగా రొట్టెలే. వరసలో నిలబడి, లోపలికి వెళ్ళి, ముక్కూ మొహమూ తెలియని ముగ్గురితో ఒక బల్ల దగ్గర కూర్చున్నాను. ఒకాయన సర్దార్జీ, ఇద్దరు బెంగాలీ కుర్రాళ్ళు. నెయ్యి వేసేవాడు నా వంక చూసి "ఇంకొంచెం వెయ్యమంటారా?" అన్నాడు. తెలుగులో అన్నాడండీ. నేను మాట్లాడలేకపోయాను. గోంగూర ఘాటు కొట్టిందని ఆ సర్దార్జీకి సైగ చేశాను.

ఇదీ నా పాండిత్యం.

మా అమ్మాయి ఆడిటర్ల దగ్గర పని చేస్తుంది. బ్యాంకులకు ఏటా ఏప్రిల్లో లెక్కల తనిఖీ వుంటుంది కదా, ఆ నెలంతా ఒక్కొక్క బ్రాంచికి ఒక్కొక్కళ్ళను పంపుతారు. ఆ ఏడు దాన్ని కర్ణాటక సరిహద్దులో ఒక చిన్న ఊరికి వేశారు. వారం రోజుల పని. ఒక్కత్తే. మూడో రోజు రాత్రి ఫోను చేసింది.

"తిన్నావుటమ్మా?"

"తిన్నాను నాన్నా."

"ఏం తిన్నావు?"

కాస్సేపు మాట లేదు. "బిస్కట్లు."

నాకు కోపం వచ్చింది. అన్నం దొరకని ఊరా అది? నేను ఇరవైసార్లు వెళ్ళిన ఊరు. "బస్టాండు వెనక సందులో మెస్సు వుంటుంది, బోర్డు కూడా వుండదు, నేరుగా లోపలికి వెళ్ళు. తొమ్మిది దాటాక వెడితే రద్దీ వుండదు, తీరిగ్గా తినవచ్చు" అని ఉపన్యాసం మొదలు పెట్టాను. నా కూతురయి వుండి ఒంటరిగా ఒక పూట తినడం చేతకాదా అన్న ధోరణి కూడా కొంత వుండి వుంటుంది.

"ఆ మెస్సుకే వెళ్ళాను నాన్నా" అంది. "నిన్న. ఏడున్నరకే వెళ్ళాను. అంతా మగవాళ్ళే. నేను వెళ్ళేసరికి మాటలు ఆగిపోయాయి. సరేలే అని కూర్చున్నాను. పప్పు వడ్డించారు. ఇంతలో ఒకాయన వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. ఏ ఊరమ్మా అన్నాడు. చెప్పాను. ఏం పని మీద వచ్చావన్నాడు. చెప్పాను. ఎక్కడ దిగావన్నాడు."

నేను మాట్లాడలేదు.

"ఎక్కడ దిగానో ఆయనకెందుకు చెప్పాలి నాన్నా? మంచివాడే కావచ్చు. కాని చెప్పలేదనుకో, మొహం ముడుచుకుంటాడు. చెప్పాననుకో, ఆ బల్ల చుట్టూ వున్న ఆరుగురూ వింటారు. చెయ్యి కడుక్కుని వచ్చేశాను. ఇవాళ మళ్ళీ వెళ్ళబుద్ధి కాలేదు."

ముప్ఫయి రెండేళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఎదుటివాణ్ణి నేను అడిగిన ప్రశ్న, ఎదుటివాడు నన్ను అడిగిన ప్రశ్న, అదే. దానికి ఇంకో అర్థం వుంటుందని ఒక్కనాడూ తట్టలేదు. బస్టాండు వెనక సందు, రాత్రి తొమ్మిది దాటిన వేళ, బోర్డు లేని మెస్సు. నా శాస్త్రంలోని సూత్రాలన్నీ మీసాలున్నవాడి కోసం రాసుకున్నవే.

అప్పుడు అది అడిగింది: "నువ్విన్ని ఊళ్ళు తిరిగావు గదా, ఆడమనిషి ఒక్కత్తే మెస్సులో కూర్చుని తింటూంటే ఎప్పుడయినా చూశావా?"

"లేదమ్మా" అన్నాను.

అది అబద్ధం. ఒకసారి చూశాను. 1991 ప్రాంతంలో, కోస్తాలో ఒక ఊళ్ళో. ముప్ఫయి ఏళ్ళ ఆవిడ. భుజానికి తోలుసంచి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు వచ్చి "ఒక్కదాన్నే" అంది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన తెర వేసిన ఫ్యామిలీ రూము వంక చెయ్యి చూపించాడు. "వద్దండీ, ఇక్కడే కూర్చుంటాను" అని నా పక్క బల్ల దగ్గర కూర్చుంది. పాతిక తలకాయలు అటు తిరిగాయి. నా చేతిలో వారపత్రిక వుంది. దానిమీంచి నేనూ చూశాను. ఆవిడ తల ఎత్తలేదు. పప్పన్నం తిన్నది, చారన్నం సగం తిన్నది. పెరుగు వడ్డించేవాడు ఇంకా రెండు బల్లల అవతల వున్నాడు. అతని కోసం ఆగలేదు. లేచి వెళ్ళిపోయింది. నేనంతటితో వూరుకున్నానా, సర్వర్ని పిలిచి "ఎవరావిడ?" అని అడిగాను. "ఎవరో ఇన్‌స్పెక్టరమ్మటండీ" అన్నాడు. ఓహో అనుకుని పెరుగు పోయించుకున్నాను. ఆ రోజు పెరుగు బాగుంది. అది కూడా గుర్తే.

మా అమ్మాయికి ఆ రాత్రి ఇది చెప్పలేకపోయాను. ఈ పేజీ అది చదువుతుంది. ఆ అబద్ధం ఇక్కడ దిద్దుకుంటున్నాను.

ఆ తెరగదుల మాట చెప్పాలి. వెనకటి హోటళ్ళలో స్త్రీలకు ప్రత్యేక గది వున్నదని బోర్డు వుండేది. మర్యాద కోసమే పెట్టారు. కాని ఒక ఆడమనిషి ఒంటరిగా ఆ తెర వెనక కూర్చుంటే, వచ్చిపోయే సర్వరు తప్ప ఇంకో మనిషి కనబడడు. పిలిస్తే పలికేవాడు వుండడు. ఎవరికి మర్యాద అది? మా అమ్మాయి దృష్టిలో బయట పాతికమంది చూపులకంటె అదే ఎక్కువ భయం.

తరవాత జులైలో దానికి బెంగుళూరు పని పడింది. "మీరూ వెళ్ళండి, ఊరికే ఇంట్లో కూర్చుని చేసేదేముంది?" అని మా ఆవిడ నన్ను తోడిచ్చి పంపింది. నేను దానికి తోడు అనుకున్నాను. రెండు పూటలు తిరిగేసరికి ఎవరికెవరు తోడో తెలిసింది. మొదటి పొద్దున్నే నన్నొక దర్శినికి తీసుకెళ్ళింది. 1980లలో బెంగుళూరులో మొదలయిన పద్ధతి అది. ముందు డబ్బు కట్టాలి, చీటీ ఇచ్చి టిఫిను తీసుకోవాలి, రొమ్ము ఎత్తు బల్ల దగ్గర నిలబడి తినాలి. కుర్చీ అన్న మాటే లేదు. నేను ఏనాడూ వాటిలోకి వెళ్ళలేదు. నిలబడి తినడం గుర్రాల పని అని నా అభిప్రాయం.

"చుట్టూ చూడు నాన్నా" అంది.

చూశాను. మా ఎడమపక్క ఒక ముసలావిడ ఇడ్లీ తింటోంది, ఒక్కత్తే. అవతల కాలేజీ పిల్ల ఖారాబాత్ తింటూ పుస్తకం చూసుకుంటోంది. ఒక పోలీసు కానిస్టేబులమ్మ వచ్చి కాఫీ తాగి వెళ్ళిపోయింది. ఎంతమందండీ అని అడిగినవాడు లేడు. ఎదుటి కుర్చీ లేదు గనుక ఎదుటి మనిషి లేడు. ఎక్కడ దిగావనే ప్రశ్న పుట్టడానికి జాగా లేదు. కాళ్ళు నొప్పి పుట్టాయన్న మాట నిజమే గాని, నేను నోరు మెదపలేదు.

దాని సూత్రాలు దానికున్నాయి. కాఫీ తాగుతూ ఒక్కొక్కటే చెప్పింది. పొద్దున్న టిఫినే గట్టిగా తినేస్తుందట. మధ్యాహ్నం బ్రాంచిలో పనిచేసే ఆడవాళ్ళు క్యారియర్లు విప్పే గదిలోకి వెళ్ళి కూర్చుంటుంది. మూడో రోజుకల్లా ఎవరో ఒకరు దాని వంతు కూడా తెస్తారు. "అది ఆడిటరుకు లంచం కాదుటే?" అన్నాను. "గోంగూర పచ్చడి ఏ ఖాతాలో రాయాలో రూలు లేదు నాన్నా" అంది. రాత్రి భోజనం ఏడు లోపల. ఎక్కడ బాగుంటుందని బట్టల కొట్లో పనిచేసే అమ్మాయిల్ని అడుగుతుంది. మగవాణ్ణి అడిగితే మగవాడు తినే చోటు చెబుతాడు. గల్లాపెట్టె దగ్గర ఆడమనిషి కూర్చున్న హోటలయితే ధైర్యంగా వెడుతుంది. గల్లాకు దగ్గరగా, గుమ్మం కనబడేలాగా కూర్చుంటుంది. మద్రాసు వెళ్ళినప్పుడు, 2013లో అక్కడ ప్రభుత్వం పెట్టిన అమ్మ ఉణవగంలో ఒక పొద్దున్న ఇడ్లీ తిన్నదట. వండేదీ ఆడవాళ్ళే, పెట్టేదీ ఆడవాళ్ళే. కూలివాళ్ళ కోసం పెట్టినచోట నువ్వు తినడమేమిటే అన్నాను. "అక్కడ నన్నెవరూ చూడలేదు" అంది.

సెల్‌ఫోను నొక్కితే లాడ్జి గదికే అన్నం వచ్చే రోజులు గదా, అదెందుకు చెయ్యవు అంటే, చేస్తుందట. మంచం మీద పాత పేపరు పరిచి, ప్లాస్టిక్ డబ్బా మూత తీసుకుని, గోడ వంక చూస్తూ తింటుందట. "రెండు పూటలు తినేసరికి, జ్వరమొచ్చిన మనిషిలా వుంటుంది. ఆ పేపరు మడిచి పారేస్తూంటే ఏడుపొస్తుంది. మనుషుల్లో కూర్చునే తినాలని వుంటుంది నాన్నా. వాళ్ళు మాట్లాడకపోతే చాలు."

ఇంకొకటి. హోటల్లో కూర్చోగానే చెవిలో ఆ తీగలు పెట్టుకుంటుంది. "ఏం పాటలు వింటావు?" అన్నాను. "పాటలేమీ వుండవు. ఊరికే పెట్టుకుంటాను. పెట్టుకుంటే ఎవరూ పలకరించరు." నా ఎడమ చేతిలో వారపత్రిక గుర్తుకు వచ్చింది. నేను చదువుకోవడానికి పెట్టుకున్నాను. ఇది తలుపు వేసుకోవడానికి పెట్టుకుంటోంది. వినపడుతూనే వుంటుంది దానికి, పక్క బల్ల మీద ఏమనుకుంటున్నారో ప్రతి మాటా.

ఆ సాయంత్రం మేం రెసిడెన్సీ రోడ్డులో ఆంధ్రా భోజనానికి వెళ్ళాం. అరిటాకు, ముద్దపప్పు, పొడి, నెయ్యి. బెంగుళూరు వాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ తింటారు మన కారాన్ని. మా పక్క బల్ల దగ్గరకు ఒకమ్మాయి వచ్చింది, మా అమ్మాయి వయసే. ఒక్కత్తే. నేను తల పక్కకు తిప్పబోయి, ఆపుకుని, నా పొడిలో నెయ్యి కలుపుకున్నాను. మీరు నవ్వుతారేమో గాని, అరవై దాటిన వయసులో అది నాకు తేలిక కాలేదు. పెరుగు వచ్చేదాకా ఆ పిల్ల కూర్చుంది. ఆ సంగతి మాత్రం కంటి చివరనుంచి చూశాను. ఒప్పుకుంటున్నాను.

మొన్న ఏప్రిల్లో మళ్ళీ తనిఖీలు వచ్చాయి. ఈసారి రాయలసీమలో ఒక ఊరు. మొదటి రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోను మోగింది. నా గుండె ఝల్లుమంది.

"మెస్సులో వున్నాను నాన్నా" అంది. వెనకాల పళ్ళాల చప్పుడు, ఎవరో "చారు, చారు" అని కేక. "బ్రాంచిలో అటెండరు ఆవిడ చెప్పింది ఈ చోటు. వాళ్ళ అత్తగారే నడుపుతోందట. గుమ్మంలో ఎంతమంది అని అడిగారు."

"ఏమన్నావు?"

"ఒక్కదాన్నే, మంచి చోటు చూసి వెయ్యండి అన్నాను."

"ఎక్కడ వేశారు? తొట్టి పక్కనా?"

"కాదు. నట్టనడుమ. సరిగ్గా ఫాను కింద."

"ఆకు గట్టిగా పట్టుకో" అన్నాను.

"ఎగిరిపోయింది నాన్నా. ఇంకోటి వేస్తున్నారు."